మొదటి పూత ఆరనీ తల్లీ

చిట్టితల్లీ,

ధనుర్మాసంలో పది రోజులు సెలవు పెట్టి, మన ఊరి పొలాల మీద మంచుని వాటర్ కలర్స్‌లో వేస్తానన్నావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత పొంగిపోయానో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పటి నుంచీ నీకు ఆయాసం. ఇన్‌హేలర్ రంగుల పెట్టెలోనే పెట్టుకో, చెవులకి మఫ్లర్ కట్టుకో.

కాగితం మందంగా ఉండే 300 జీఎస్ఎంది కొను. నాలుగు అంచులూ టేపుతో అట్టకి బిగించు. పల్చటి పూత ముందు, చిక్కటిది చివర.

ఇక నా సంగతి విను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. తెల్లవారుజామున కాలవగట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా మన మూడెకరాలు, కుప్పల చుట్టూ మంచు, దూరాన తాటిచెట్లకి తలలే కనబడుతున్నాయి. ఆకాశం పూత చక్కగా దిగింది. ఎండొస్తే మంచు విడిపోతుందని నా తొందర. తడి మెరుపు పోయింది కదా అని తాటిచెట్లు పెట్టేశాను. లోపల చెమ్మ అలాగే ఉంది, కుంచెలో నీళ్లెక్కువ. ఆ నీళ్లు పాకి కింది రంగుని పక్కకి నెట్టేశాయి. ఆకాశంలో కాలీఫ్లవర్ లాంటి మచ్చ లేచింది. దాన్ని కప్పాలని తెల్ల పోస్టర్ కలర్ పూశాను. మంచు కాస్తా సున్నం గోడయింది. కోపంతో చింపి కాలవలో పారేశాను, రేపు మళ్లీ వేద్దాంలే అని. ఆ రేపు రాలేదు. ఆ చేను ఇప్పుడు చేపల చెరువు. పాడైన బొమ్మైనా సరే, ఉంచుకుని ఉంటే ఆ గట్లు ఎటు తిరిగేవో ఇవాళ నీకు చూపించేవాణ్ణి.

అందుకే, ప్రతి పూత తర్వాతా చేతి వెనక భాగాన్ని కాగితానికి ఆనించి చూడు. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. మంచులో తొందరగా ఆరదు, వెళ్లి టీ తాగిరా. దూరపు చెట్లకి నీలం రంగు అల్ట్రామెరీన్‌లో కాస్త ఎర్రమట్టి రంగు బర్న్ట్ సియెన్నా కలిపి నీళ్లు ఎక్కువ పోస్తే చాలు. దగ్గరి గట్టుకొచ్చేసరికి సియెన్నా పెంచు, నీళ్లు తగ్గించు. నల్ల ట్యూబు అసలు తేవద్దు. కుంచె మొన నోట్లో పెట్టుకుని తిప్పుతావు, చూశాను. కాడ్మియం పసుపు విషమే పిల్లా! ఆ అలవాటు ఇవాళే మానెయ్.

రాజమండ్రిలో దిగగానే చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లు. 1925లో, ముప్ఫై కూడా నిండకుండానే పోయాడాయన. అది తలుచుకుంటేనే నీ మఫ్లర్ మళ్లీ గుర్తొస్తుంది నాకు.

ఒక్క కాగితం కూడా చింపకు. వెనక తేదీ, ఎవరి చేనో రాసి అన్నీ నా దగ్గరికి పట్టుకురా. ఊళ్లో దిగగానే ఫోన్ చెయ్యి.

పెదనాన్న