చిన్న ఊళ్లో తొలి సమ్మర్: పిలుపు కోసం ఎదురు చూడకండి

ఏటా మే నెల చివర్లో ఎవరో ఒకరు నన్ను ఇంచుమించు ఇదే ప్రశ్న అడుగుతారు. ఈసారి అడిగింది కొత్తగా పెళ్లయి, భర్త ఉద్యోగం కోసం అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి వచ్చిన అమ్మాయి. ఊళ్లో తెలుగు కుటుంబాలు నాలుగే. తనది హెచ్-4, అంటే భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చే వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. చలికాలమంతా నాలుగు గోడల మధ్యే గడిచింది. ఇప్పుడు ఎండ వచ్చాక ఊరంతా పార్కుల్లో, పరేడ్లలో కనిపిస్తోంది గానీ తననెవరూ పిలవడం లేదు. "అక్కా, వీళ్లకు మనమంటే ఇష్టం లేదా?" అని అడిగింది.

ఇష్టం లేక కాదమ్మా, ఇక్కడ ఎవరూ ఎవరినీ ఇంటికొచ్చి పిలవరు. మనం బొట్టు పెట్టి పిలిస్తేనే వెళ్లాలి, పిలవని పేరంటానికి వెళ్లకూడదు అని వింటూ పెరిగాం. ఇక్కడ లైబ్రరీ గోడ మీద ఒక కాగితం అంటిస్తారు, అదే పిలుపు. దాని కింద పేర్లు రాయడానికి గీతలుంటాయి. పేరు రాసినవాళ్లు వచ్చినట్టు, రాయనివాళ్లకు ఆసక్తి లేనట్టు. ఇందులో కోపం లేదు, చిన్నచూపు లేదు. నాకు ఇది అర్థం కావడానికి రెండు సమ్మర్లు పట్టింది. 2009లో సెడార్ రాపిడ్స్ దగ్గర ఒక చిన్న ఊరికి వచ్చాను. మొదటి రెండేళ్లు కిటికీలోంచి చూస్తూ ఎవరో ఒకరు పిలుస్తారని కూర్చున్నాను. ఆ రెండేళ్లు తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సమ్మరే ఎందుకంటే, ఇక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా మనుషులు గరాజ్‌లో కారెక్కి ఇంకో చోట దిగడమే, పక్కింటివాళ్ల ముఖం చూసేది మంచు తోడేటప్పుడే. జూన్, జులై, ఆగస్టు కలిపితే మహా అయితే పద్నాలుగు శనివారాలు. ఊరికి మనం పరిచయం అయ్యేది వాటిలోనే. అవి దాటిపోతే మళ్లీ ఏడాది.

ముందు వీసా సంగతి, ఎందుకంటే చాలామంది ఈ టెన్షన్‌తోనే ఆగిపోతారు. హెచ్-4లో ఉన్నవాళ్లు సేవ చేయవచ్చు. అది లాభాపేక్ష లేని సంస్థో, లైబ్రరీ లాంటి ప్రభుత్వ చోటో అయి ఉండాలి. ఆ పని మామూలుగా వాలంటీర్లే చేసేది అయి ఉండాలి. మీకు డబ్బు గానీ, గిఫ్ట్ కార్డు గానీ, తర్వాత ఉద్యోగం ఇస్తామన్న మాట గానీ ఉండకూడదు. లైబ్రరీలో పుస్తకాలు సర్దడం, ఫుడ్ ప్యాంట్రీలో సరుకులు పంచడం ఇలాంటివే. కానీ తెలిసినవాళ్ల రెస్టారెంట్‌లోనో, కిరాణా షాపులోనో "ఊరికే కాస్త సాయం చేయమ్మా, డబ్బులేమీ ఇవ్వంలే" అంటే మాత్రం వద్దు. జీతం తీసుకోకపోయినా అది వ్యాపారం, ఆ పని ఉద్యోగం కిందకే వస్తుంది. మనవాళ్లే మొహమాటపెడతారు, మొహమాటపడకండి. ఎఫ్-1లో చదువుకుంటున్నవాళ్లకూ ఇదే జాగ్రత్త. హెచ్-4 ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు, వచ్చినవాళ్లకు ఈ చింత లేదు. ఏ పనైనా అటో ఇటో తేలకపోతే, పేరు ఇచ్చే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఫెయిర్లలో, ఫార్మర్స్ మార్కెట్‌లో కొందరు అట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చి, ఓటరుగా నమోదయ్యారా అని అడుగుతారు. మర్యాదకు కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. "నేను సిటిజన్ కాదు" అని చెబితే చాలు, వాళ్లేమీ అనుకోరు. సిటిజన్ కానివాళ్లు ఓటరుగా నమోదైతే, అది పొరపాటున జరిగినా గ్రీన్ కార్డుకు, ఒక్కోసారి దేశంలో ఉండటానికే ముప్పు. ఎన్నికల ప్రచారాలకు చందాలు కూడా గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇవ్వకూడదు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, కళ్లు మూసుకుని లైబ్రరీకి వెళ్లండి. జూన్‌లో పిల్లలకు సమ్మర్ రీడింగ్ ప్రోగ్రామ్ మొదలవుతుంది. చదివిన పుస్తకాలు లెక్కపెట్టి చిన్న చిన్న బహుమతులు ఇస్తారు, ఆ బల్ల దగ్గర ఎప్పుడూ ఒక మనిషి తక్కువే. ఇంగ్లిష్ తడబడుతుందని భయపడేవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదు, ఏడేళ్ల పిల్లలు మన ఉచ్చారణను తప్పుపట్టరు, నిదానంగా విని నిదానంగా జవాబు చెబుతారు. ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ అడిగితే, నాకు ఆ నంబర్ లేదు, వేరే గుర్తింపు కార్డు సరిపోతుందా అని నేరుగా అడగండి. పిల్లలున్న చోట రెండు విషయాలు గుర్తుంచుకోండి: మన అలవాటు కొద్దీ ముద్దొచ్చి బుగ్గ పట్టుకోవడం, ఎత్తుకోవడం చేయకూడదు, అడగకుండా ఫొటో తీయకూడదు. ఒక్కరే ఒక బిడ్డతో తలుపులేసిన గదిలో ఉండకూడదు కూడా.

తర్వాత ఫుడ్ ప్యాంట్రీ. డబ్బు చాలని కుటుంబాలకు ఉచితంగా సరుకులిచ్చే చోటు ఇది, చాలా ఊళ్లలో చర్చి బేస్‌మెంట్‌లో ఉంటుంది. చర్చి అనగానే మనవాళ్లు కొందరు వెనకాడతారు. నేను ఇన్నేళ్లలో ఎన్ని డబ్బాలు సర్దానో లెక్కలేదు, నా మతం గురించి అడిగినవాళ్లు లేరు. ఆదివారం ప్రార్థనకు రమ్మంటే, మేము మా గుడికి వెళ్తామండీ అని చెప్పాను, అంతే. సమ్మర్‌లో ప్యాంట్రీకి రద్దీ పెరుగుతుంది, బడి మూసేస్తే పిల్లలకు బడిలో దొరికే మధ్యాహ్నం భోజనం ఆగిపోతుంది కదా. దానికోసమే చాలా ఊళ్లలో పార్కుల దగ్గర, బడుల దగ్గర ఫెడరల్ ప్రభుత్వం డబ్బుతో పద్దెనిమిదేళ్ల దాకా వయసున్న పిల్లలకు ఉచితంగా భోజనం పెడతారు. అందరికీ తెరిచి ఉంచిన కేంద్రాల్లో ఆదాయం అడగరు, వీసా అడగరు. మీ పిల్లలు కూడా వెళ్లి మిగతావాళ్లతో కూర్చుని తినవచ్చు, అక్కడే స్నేహాలు మొదలవుతాయి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే కమ్యూనిటీ గార్డెన్‌లో ఒక మడి తీసుకోండి. నాలుగు రోజులకే ఇంట్లో తోచక తిరుగు టికెట్ ఎప్పుడని అడిగే నాన్నగారు, తెల్లవారుజామునే పార భుజానేసుకుని అయోవా నల్లమట్టి చూడటానికి వెళ్లడం నా కళ్లతో చూశాను. మే నెల మధ్యలో మంచు భయం పోయాక నాటితే గోంగూర, బెండ, దోస అన్నీ వస్తాయి. మిగిలిన కూరగాయలను చాలా ప్యాంట్రీలు తీసుకుంటాయి.

మే చివరి సోమవారం మెమోరియల్ డే, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల కోసం. సమాధుల మీద జెండాలు పెట్టడానికి ముందే వాలంటీర్లను పిలుస్తారు, వెళ్లండి, కానీ ఆ రోజు ఎవరికీ 'హ్యాపీ' అని చెప్పకండి. జులై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినాన, పరేడ్. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు కూడా రెండేళ్లకోసారి జులై మొదట్లోనే వస్తాయి, అవి వచ్చిన ఏడాది వెళ్లాలనిపిస్తే వెళ్లండి, లేని ఏడాది మాత్రం ఊళ్లోనే ఉండి పరేడ్ దారిలో చెత్త ఏరండి. జులైలోనే చాలా కౌంటీ ఫెయిర్లు, పిల్లలు తాము పెంచిన దూడల్నీ మేకల్నీ తెచ్చే ఫోర్-హెచ్ (పిల్లల క్లబ్బు) పోటీలు. పల్లెల నుంచి వచ్చిన మనలాంటివాళ్లకు రైతులతో మాట కలపడం అక్కడ చాలా తేలిక.

జులై చివరి వారంలో రాగ్‌బ్రై ఉంటుంది, 1973లో మొదలైన సైకిల్ యాత్ర. మిజూరీ నది ఒడ్డున వెనక చక్రం తడిపి బయల్దేరి, వారం తర్వాత మిసిసిపీలో ముందు చక్రం తడుపుతారు. దారి ఏటా మారుతుంది. మీ ఊరి మీదుగా వస్తే అది ఊరికి పండగే, రెండు వేల మంది ఉన్న ఊళ్లోకి ఒక్క రోజులో వేలాది సైకిళ్లు వస్తాయి. మంచినీళ్లు పట్టడానికి, దారి చూపడానికి, 'పై' అనే తీపి వంటకం ముక్కలు అమ్మడానికి ఎంతమంది ఉన్నా చాలరు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. మూడో సమ్మర్‌లో ఒక శనివారం నీళ్ల స్టాల్‌లో రెండు గంటల పనికని పేరు రాశాను. ఆ ఉదయం షికాగో నుంచి చుట్టాలు దిగారు. మనకు 'చూద్దాంలే, వీలైతే వస్తాం' అనే అలవాటు ఉంది కదా, కబురు కూడా చేయకుండా మానేశాను. తర్వాత తెలిసింది, నా వంతు కూడా కలిపి డెబ్భై దాటిన ఒక పెద్దావిడ ఆ ఎండలో ఒక్కతే నాలుగు గంటలు నిలబడింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్లి క్షమాపణ అడిగి, మరుసటి వారం నుంచి ఆమె పక్కనే కుర్చీలు మడిచే పని అడిగి తీసుకున్నాను. ఇక్కడ పేరు రాయడమంటే మాట ఇవ్వడమే. కుదరకపోతే ఒక్క రోజు ముందు చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు. పెద్ద పనులు ఎత్తుకోవద్దు, రెండు గంటల చిన్న పని, అదే చోట, ప్రతి వారం. నాకు తెలిసి ఊరివాళ్లు మనల్ని గుర్తుపట్టేది దానితోనే.

పొట్లక్‌కు, అంటే తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందుకు, పులిహోర తీసుకెళ్లండి, కానీ అందులో వేరుశనగలు, జీడిపప్పు ఉన్నాయని కాగితం మీద రాసి గిన్నె పక్కన పెట్టండి, ఇక్కడ పిల్లలకు ఆ ఎలర్జీలు ప్రాణాల మీదకు తెస్తాయి. శాకాహారులైతే బేక్డ్ బీన్స్‌లో పంది మాంసం ఉందేమో, జెల్-ఓ (జెల్లీ లాంటిది) వేసిన సలాడ్‌లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో అడిగి తినండి. ఇంట్లో వండినది అమ్మాలంటే మాత్రం లైసెన్సు సంగతి ముందే కనుక్కోండి.

రక్తదానం శిబిరాలు కూడా సమ్మర్‌లో చాలా పెడతారు. మలేరియా కారణంగా, ఇండియాలో పుట్టి పెరిగి వచ్చినవాళ్లు ఇక్కడికొచ్చిన మూడేళ్ల దాకా ఇవ్వకూడదు, ఆ తర్వాత కూడా ఇండియా వెళ్లొస్తే సాధారణంగా మూడు నెలలు ఆగాలి. తిప్పి పంపితే చిన్నబోకండి, అది అందరికీ ఉన్న నియమమే. ఇచ్చి వచ్చినవాళ్లకు జ్యూస్, బిస్కెట్లు అందించే బల్ల దగ్గర కూర్చోవచ్చు.

ఈ పరిచయాలు ఎందుకు కావాలో నాకు ఒక రోజు తెలిసింది. 2020 ఆగస్టు 10, సోమవారం మధ్యాహ్నం సెడార్ రాపిడ్స్ మీదుగా డెరేచో, అంటే భయంకరమైన ఈదురుగాలుల తుఫాను, వెళ్లింది. మాది కృష్ణా జిల్లా, 1977 దివిసీమ ఉప్పెన గురించి అమ్మమ్మ చెబుతుంటే విన్నాను గానీ, సముద్రం ఛాయల్లో లేని చోట గంటకు 140 మైళ్ల గాలి వస్తుందని అనుకోలేదు. అర్ధగంట, ముప్పావుగంటలో నగరం చెట్లలో సగానికి పైగా పోయాయి. మా వాకిట్లో పెద్ద మేపుల్ చెట్టు కారు మీద పడింది. కరెంటు లేదు, ఫోన్ లేదు. సాయంత్రానికి, నాతో పాటు వారం వారం కుర్చీలు మడిచిన ఆవిడ కొడుకు చైన్‌సా తీసుకుని వచ్చాడు. పిలవలేదు, పిలవడానికి ఫోనే లేదు. మా అబ్బాయిని పేరు పెట్టి పిలిచి, నువ్వు దూరంగా ఉండు అని చెప్పి పని మొదలుపెట్టాడు. మేము పెరట్లో గ్యాస్ బర్నర్ వెలిగించి, తొమ్మిది రోజులు వీధి మొత్తానికి పప్పు, అన్నం వండాం. అదే వారం, జూన్‌లోనే వచ్చిన ఒక తెలుగు జంట నాలుగు వీధుల అవతల రెండు రోజులు కార్లో కూర్చుని, ఫోన్లు చార్జ్ చేసుకుంటూ, రొట్టెలు తిని గడిపారు. వాళ్లకు ఎవరి తలుపు తట్టాలో తెలియలేదు. వాళ్లు అక్కడున్నారని మాకూ తెలియలేదు.

కాబట్టి చెల్లెమ్మా, ఈ శనివారం పొద్దున్నే లైబ్రరీకి వెళ్లు. డెస్క్ దగ్గర ఉన్నవాళ్లతో, కొత్తగా వచ్చాను, వారానికి రెండు గంటలు ఏ పనైనా చేస్తాను అని చెప్పు. టోపీ, నీళ్ల సీసా తీసుకెళ్లు. గడ్డిలో తిరిగి వస్తే ఒంటి మీద టిక్ పురుగులున్నాయేమో చూసుకో. వేళ్లు కనిపించే చెప్పులు మాత్రం వద్దు, మడత కుర్చీలు కాళ్ల మీద పడతాయి.