తమ్ముడూ, పని గురించి రాసేముందు

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు పేరట వందనాలు.

నువ్వు పంపిన ఆర్టికల్ "క్రైస్తవ పురుషుడు – పని" రెండుసార్లు చదివాను, రాత్రి ఒకసారి, పొద్దున టీ తాగుతూ ఇంకోసారి. నీకు రాయడం వచ్చు, అందులో డౌట్ లేదు. కానీ అందులో పన్నెండు బైబిలు వాక్యాలున్నాయి రిఫరెన్సులతో సహా, పనిచేసే మనిషి మాత్రం ఒక్కడూ కనపడలేదు నాకు.

మా నాన్న తాపీమేస్త్రి. స్లాబ్ వేశాక దాని మీద మడులు కట్టి రోజూ నీళ్లు నిలబెట్టాలి, ఆరిపోతే పగుళ్లొస్తాయి. ఆదివారం కూలీలు రారు కాబట్టి నాన్నే తెల్లారకముందే సైకిలేసుకుని వెళ్లి, బకెట్లతో మోసి మడులన్నీ నింపి, అట్నుంచటే మందిరానికి వచ్చేవాడు, ప్యాంటు అంచులు తడిసిపోయి సిమెంటు మరకలతో. ఇంటి ఓనరు ఊళ్లో కూడా ఉండడు, ఒక పూట మానేసినా అడిగేవాడు లేడు. సంఘంలో ఒక పెద్దాయన ఆదివారం పనేంటయ్యా అని నిలదీస్తే నాన్న "ఆ స్లాబు కింద రేపు పిల్లలు పడుకుంటారు కదండీ" అన్నాడు, అంతే. ఏమి చేసినా ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి అని పౌలు కొలొస్సయులకు రాసిన మాట నాకు ముందు ఆ తడి ప్యాంటులోనే అర్థమైంది, ప్రసంగాలు తర్వాత విన్నా.

ఇంకోటి, పాపం వల్లే మనిషికి పని వచ్చిందని రాశావు చూడు, అది తప్పు తమ్ముడూ, మార్చు. తోటను సేద్యపరచడానికి, కాయడానికి నరుణ్ణి అందులో ఉంచడం ఆదికాండము 2వ అధ్యాయంలోనే ఉంది, చెమట, ముళ్లు 3వ అధ్యాయంలో వచ్చాయి. పైగా ఆ సేద్యపరచడం అన్నచోట హెబ్రీలో ఉన్న మాటనే దేవుణ్ణి సేవించడానికి కూడా వాడతారు. అంటే పని ముందు, శాపం తర్వాత, ఈ వరుస తప్పితే నీ ఆర్టికల్ మొత్తం పక్కకు వెళ్లిపోతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. నీ వయసులో నేనూ ఇదే టాపిక్ మీద రాశాను, సంపాదించి ఇల్లు నడిపేవాడే దేవుని పురుషుడు అని తెగ ఊగిపోతూ రాశా, తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అన్న తిమోతి వాక్యం కూడా పెట్టా. అది చదివి మా సంఘంలో మిల్లు మూతపడి ఏడాదిగా ఖాళీగా ఉన్న ఒకాయన ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "అయితే బాబూ, నేను ఇప్పుడు అవిశ్వాసినా" అని మెల్లగా అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఆ ఏడాదంతా ఆయన మంచంపట్టిన తల్లికి రోజూ స్నానం చేయించి అన్నం పెట్టేవాడు, అది సంరక్షణ కాదా మరి? జీతం రాని పని నా కళ్లకు పనిలా కనపళ్లేదు అప్పుడు. మగవాళ్ల గురించి రాసేటప్పుడు ఆ వెనక బెంచీలో తల దించుకుని కూర్చున్న మనిషిని మర్చిపోవద్దు, పౌలు కూడా పని చేయనొల్లనివాడు అన్నాడుగానీ పని దొరకనివాడు అనలేదు.

విదేశీ కంపెనీ ఓనర్ల సాక్ష్యాలు తీసెయ్, మన ఒంగోలు ఉండగా అంత దూరం ఎందుకు. 1876–78లో వచ్చిన పెద్ద కరువులో, అదే ధాత కరువులో, క్లౌ దొర, అంటే ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు, బోధకులే మేస్త్రీల్లా పని చూసుకుంటూ విరామంలో వాళ్లతో కూర్చుని వాక్యం చెప్పారు. కరువు నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఈ అంకె దగ్గరే ఆగిపోతారు, నువ్వు మాత్రం కాలువ దగ్గర ఆగు. ఎండిన కడుపుతో మట్టి తట్ట మోసి సాయంత్రానికి కూలి డబ్బులు చేతిలో పడ్డప్పుడు, దానం చెయ్యి చాచి తీసుకోవడానికీ దీనికీ తేడా ఆ మనిషికి ఎలా తెలిసుంటుందో ఆలోచించి రాయి.

నీ రెండో పేజీలో "మా నాన్న ఆటో నడుపుతాడు" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. అక్కడ్నుంచి మొదలుపెట్టు. రేపు తెల్లారి ఆయనతో పాటు స్టాండ్‌కి వెళ్లు, మొదటి బేరం ఎప్పుడొచ్చింది, ముసలావిడ ఎక్కితే ఆయన ఏం చేశాడు, చిల్లర లేనప్పుడు ఏమన్నాడు, అన్నీ చూసి రాసుకో. వాక్యం ఒక్కటి చాలు, అది కూడా ఎక్కడ పెట్టాలో చివర్లో చూద్దాం. రెండు పేజీలే వచ్చినా పర్లేదు, నెలాఖరు లోపు పంపు, నాన్నగారికి నా వందనాలు చెప్పు.

మీ అన్న