సింహం నిద్రపోతుంటే నువ్వేం చేశావో రాయి

అమ్మాయీ,

మీ కెన్యా యాత్ర మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పండి సార్" అన్నావు కదా, చెప్తున్నాను, ఆ తర్వాత నువ్వు నాలుగు రోజులు ఫోన్ ఎత్తకపోయినా ఏమీ అనుకోను. నేనూ నీ వయసులో అలాగే చేశాను.

కోపం బాగానే రాశావు. ఎవరి మీద కోపమో మాత్రం రాయలేదు. "మోసపోయాం" అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది, లెక్కపెట్టాను. ఒకచోట ఏజెంటు మోసం చేశాడు, ఒకచోట డ్రైవరు, ఇంకోచోట సింహం, ఆఖరి పేజీకి వచ్చేసరికి మొత్తం ఆఫ్రికా. అసలు మొదటి వాక్యమే "ఆఫ్రికా మమ్మల్ని నిరాశపరిచింది". ఆఫ్రికాలో 54 దేశాలున్నాయమ్మా. మీరు వెళ్ళింది ఒక్క కెన్యాకి, అందులోనూ నైరోబీ, నకూరు, మసాయి మారా అభయారణ్యం, అన్నీ కలిపి ఐదు రోజులు. ఎవడో పరాయిదేశం వాడు మన అబిడ్స్ ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కుని "ఆసియా నచ్చలేదు" అని రాస్తే మనకెలా ఉంటుందో ఆలోచించు. ఆ వాక్యం కొట్టెయ్. మారా అని రాయి, మే నెల అని రాయి, ఏడుగురం ఒక వ్యాన్‌లో అని రాయి.

మే నెల అన్నాను కదా, నీ వ్యాసంలో అసలు కథ అక్కడే ఉంది, నువ్వు దాన్ని చూడకుండా దాటి వెళ్ళిపోయావు. బ్రోచర్ మీద ఏం బొమ్మ ఉంది? నది నిండా వైల్డెబీస్ట్‌లు (అక్కడి పెద్ద జింకజాతి జంతువులు), ఒడ్డున దుమ్ము, నీళ్ళలో మొసలి నోరు. అది చూసే కదా మీ నాన్నగారు ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసింది. ఆ మందలు పది లక్షలకు పైనే ఉంటాయి, కానీ అవి మారాకి వచ్చేది సుమారుగా జులైలో, ఉండేది అక్టోబరు దాకా. మేలో అవి ఇంకా సరిహద్దుకి అవతల టాంజానియాలో, సెరెంగెటీలో గడ్డి మేస్తూ ఉంటాయి. మీరు మేలో ఎందుకు వెళ్ళారు? పిల్లలకి వేసవి సెలవులు కాబట్టి. మన ఎండాకాలం సెలవులు సరిగ్గా అక్కడి పెద్ద వానల కాలంలో పడతాయి, మార్చి నుంచి మే దాకా. అందుకే అప్పుడు హోటళ్ళు చవక. మారా ప్రవేశ రుసుమే చూడు, 2024 నుంచి విదేశీయులకి జనవరి-జూన్ మధ్య రోజుకి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. సగానికి సగం! "సమ్మర్ స్పెషల్ ఆఫర్" అని మీకు ఇచ్చింది వాళ్ళ ఆఫ్ సీజనేనన్నమాట.

ఇప్పుడు ఏజెంటు ఆఫీసు సీను చూద్దాం. మీ బావగారు "జంతువులు కనిపిస్తాయా అండీ?" అని అడిగితే "ఎందుకు కనిపించవండీ, కనిపిస్తాయి" అన్నాడని ఒక్క లైనులో రాశావు. చూశావా, అతను అబద్ధమేమీ చెప్పలేదు! సింహాలూ ఏనుగులూ జిరాఫీలూ ఏడాది పొడుగునా మారాలోనే ఉంటాయి. గోడ మీద నది బొమ్మ పెట్టుకుని నది గురించి ఒక్క మాటా మాట్లాడలేదు, అంతే. మీరూ అడగలేదు. ఆ గది, ఆ ఏసీ, ఆ టీ, ఆ బొమ్మ కింద కూర్చున్న ఏడుగురూ, అక్కడ ఎవరూ అడగని ప్రశ్న. దాన్ని రెండు పేజీలు రాయి. నిరాశ ఎక్కడ పుట్టిందో చెప్పకుండా దాని గురించి ఎంత రాసినా చదివేవాడికి అది మూలుగులాగే వినిపిస్తుంది.

ఒప్పుకున్న జీపు కాకుండా వ్యాన్ పంపారన్నావు. అది నిజంగా తప్పే, దానికి రశీదు, మెయిల్ పెట్టి ఫిర్యాదు చెయ్యి, డబ్బు వెనక్కి అడుగు. కానీ ఆ ఫిర్యాదునీ ఈ వ్యాసాన్నీ ఒకే కాగితం మీద పెట్టకు, రెండూ చెడతాయి.

నా సంగతి చెప్తాను, నవ్వకు. నేను సరైన సీజన్లోనే వెళ్ళాను, 2011 ఆగస్టులో. రెండు రోజులు మారా నది ఒడ్డున కాపలా కాశాం. పొద్దున ఎంత చలో, ఆఫ్రికా అంటే ఎండ అనుకుని పలచటి చొక్కాలు తీసుకెళ్ళిన మా బృందమంతా హోటల్ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం (ఆ ఊళ్ళు సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంటాయని ఎవడూ చెప్పలేదు, చెప్పినా వినం). వైల్డెబీస్ట్‌లు వందలుగా ఒడ్డుకి వచ్చేవి. ముందున్నది మెడ సాచి నీళ్ళు చూసేది. ఒక కాలు దించేది. ఇక దూకుతుంది అనుకునేలోపు ఎక్కడో ఏదో కదిలేది, మొత్తం మంద వెనక్కి తిరిగి పరుగు. ఇలా ఆరు గంటలు. రెండో రోజు సాయంత్రం మాలో ఒకాయన డ్రైవర్ని ఆ బాట దిగి గడ్డిలోంచి ఇంకా ముందుకి పోనివ్వమన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అడిగాం. డబ్బులిస్తామన్నాం. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని నది వైపే చూస్తూ కూర్చున్నాడు.

తిరిగొచ్చి ఒక పత్రికలో రాశాను. "బద్ధకస్తుడైన డ్రైవరు" అని రాశాను, ఇంకా కొన్ని రాశాను, ఇప్పుడు చదివితే చెవులు కాలతాయి. నెల తర్వాత నైరోబీలో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగాయన ఉత్తరం రాశాడు. రిజర్వులో బాట దిగితే జరిమానా అనీ, అది కంపెనీ కట్టదు, డ్రైవరు జేబులోంచే పోతుందనీ, మీరిస్తామన్న చిల్లర కోసం అతను ఉద్యోగం పోగొట్టుకోవాలా అనీ మర్యాదగానే అడిగాడు. జవాబు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. అందుకే నీ ఐదో పేజీలో "డ్రైవరుకి ఆసక్తి లేదు" అన్న చోట పెన్సిల్‌తో గట్టిగా గీత గీశాను. ఏం చేస్తే ఆసక్తి లేదనుకున్నావు? పొద్దున ఐదున్నరకి వ్యాన్ తుడిచి పెట్టుకున్నవాడు, వానలో బురదలో దిగబడితే ఒంటరిగా దిగి తోసినవాడు అని నువ్వే మూడో పేజీలో రాశావు. ఏది నిజం?

చిరుత దగ్గర పదమూడు బళ్ళు చుట్టుముట్టాయని రాశావు, జనం సంస్కారం గురించి అరపేజీ తిట్టావు. సరే, పద్నాలుగో బండి ఎవరిది? మీ డ్రైవరుకీ రేడియోలోనే కదా కబురొచ్చింది, మీరూ "పోనీ పోనీ" అన్నారు కదా. ఒక జంతువు దగ్గర ఐదు బళ్ళకి మించి ఆగకూడదని మారాలో నియమం ఉంది, ఎవరూ పాటించరు, ఎందుకంటే ప్రతి బండిలోనూ మీ బావగారి లాంటి ఒకాయన ఉంటాడు, లేదా నాలాంటి ఒకడు. ఆ గుంపులో నిన్ను నువ్వు చేర్చుకుని రాస్తే ఆ పేజీ నిలబడుతుంది. లేకపోతే అది పక్కింటివాళ్ళ చెత్త గురించి ఫిర్యాదు.

అన్నట్టు, ఆరో పేజీలో అది చిరుత, ఎనిమిదో పేజీలో అదే జంతువు చీతా. మన పేపర్లు కూడా రెంటినీ కలిపేస్తాయి, నిన్ను అని ఏం లాభం. చీతాకి కంటి మూల నుంచి నోటి దాకా నల్లటి గీత ఉంటుంది, ఏడ్చినట్టు. ఒంటి మీద నిండు చుక్కలు. చిరుతకి ఆ గీత ఉండదు, చుక్కలు పువ్వుల్లా గుత్తులుగా ఉంటాయి. ఫోటో చూసి సరిచెయ్యి. హైనాకి మనకి దుమ్ములగొండి అని ఎంత మంచి మాట ఉంది, అది వాడు.

సింహాలు నిద్రపోతున్నాయని విసుక్కున్నావు. సింహం రోజుకి ఇరవై గంటల దాకా పడుకోగలదు, దానికి మీ ప్యాకేజీ తేదీలు తెలియవు. నాకు కావాల్సింది వేరే. అది పడుకున్న ఆ నలభై నిమిషాలు వ్యాన్‌లో ఏం జరిగింది? "అందరం బోర్ ఫీలయ్యాం" అని వదిలేశావు. ఏడుగురు మనుషులు, ఇంజన్ ఆపిన బండి, దిగడానికి వీల్లేదు, ఎవరో ఒకరికి బాత్రూం టెన్షన్ వచ్చే ఉంటుంది. మీ నాన్నగారు ఏమన్నారు? డబ్బు ఆయనది. ఆయన ముఖం ఎలా ఉంది? నాకు ఆ సింహం కంటే ఆయన ముఖమే చూడాలని ఉంది.

ఇక నకూరు. ఇక్కడ నిన్ను కాస్త గట్టిగానే కోప్పడాలి. "గులాబీ రంగు సరస్సు అన్నారు, నాలుగు ఫ్లెమింగోలు కూడా లేవు" అని ఒక్క వాక్యం రాసి వెళ్ళిపోయావు. నీ ప్రయాణం మొత్తంలో ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటి లేదు! ఆ పాత పోస్టుకార్డు ఫోటోల్లో ఉన్నది నిజమే, ఒకప్పుడు అక్కడ లక్షల పక్షులుండేవి. 2010 తర్వాత ఆ సరస్సులో నీటిమట్టం పెరుగుతూ పోయింది, ఎంతగా అంటే పార్కు పాత గేటే నీళ్ళలో మునిగింది. మీరు చూసిన ఆ ఎండిపోయిన చెట్ల మోళ్ళు, నీళ్ళలో నిలబడి ఉన్నాయన్నావే, "దెయ్యాల సినిమాలా ఉంది" అని, అవి అలా మునిగిన చెట్లే. నీళ్ళు పెరిగేసరికి ఉప్పదనం పలచబడింది, ఆ పక్షులు తినే నాచు తగ్గింది, తిండి లేని చోట ఎవరుంటారు, బొగోరియా లాంటి వేరే సరస్సులకి పోయాయి. ఏజెంట్లు మాత్రం పాత ఫోటోనే అచ్చు వేస్తున్నారు. ఫోటో అలాగే ఉండి సరస్సు మారిపోయింది. నువ్వు కళ్ళారా చూసి వచ్చావు, దాని పేరు నిరాశ అనుకున్నావు.

పైగా నీది నాయుడుపేట. సూళ్ళూరుపేట పక్కనే, పులికాట్‌లో, చలికాలం వస్తే ఫ్లెమింగోలు వాలుతాయి, వాటి పేరు మీద పండగే చేస్తారు. చిన్నప్పుడు స్కూలు బస్సులో వెళ్ళి చూశానని నువ్వే ఎప్పుడో చెప్పావు. ఇంటి దగ్గర చూసినదాన్ని అంత ఖర్చు పెట్టి నకూరులో వెతుక్కున్న మనిషి కథ నీ చేతిలో ఉంది, ఇంకెవరి చేతిలోనూ లేదు. ఎందుకు వదిలేశావో నాకర్థం కాలేదు.

అక్కడ పశువులు మేపుకుని బతికే మసాయిల ఊరి గురించి రాసిన పేజీ మొత్తం తీసి మళ్ళీ రాయాలి. "డబ్బుల కోసం ఆడే డ్రామా" అన్నావు. అవును, డబ్బులకే. అరకులో రిసార్టు ముందు థింసా ఎందుకు ఆడిస్తున్నారు మరి? ఆ రిజర్వు లోపల ఒకప్పుడు వాళ్ళ ఆవులు మేసేవి, ఇప్పుడు తోలకూడదు. సరిహద్దుకి అవతల, టాంజానియాలోని లోలియొండోలో 2022లో వేటకీ టూరిజానికీ హద్దురాళ్ళు పాతుతుంటే మసాయిలు అడ్డుపడి గొడవయింది. అదంతా పాఠంలా రాయమనను. కానీ ఎగిరి గంతులేసిన ఆ కుర్రాడు ఆట అయ్యాక ఏం చేశాడో చూశావా? ఫోన్ తీశాడా, మేకల దగ్గరికి పోయాడా? పూసల దండ బేరమాడి సగానికి తెచ్చానని మీ అక్క సంబరపడింది రాశావు, అది ఉంచు, దాని మీద వ్యాఖ్యానం మాత్రం తీసెయ్.

భాష సంగతి. "కనువిందు", "ప్రకృతి ఒడి", "మాటల్లో చెప్పలేం", ఈ మూడూ కనిపించిన ప్రతిచోటా కొట్టేశాను. మాటల్లో చెప్పలేకపోతే రాయడం ఎందుకు. దానికి బదులు అక్కడి మాటలు వినాల్సింది. సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం అనే, అరబ్బీ నుంచి వచ్చింది, మన హైదరాబాదులో ఉర్దూవాళ్ళనే సఫర్ అదే. అక్కడ బండిని గారి అంటారు, కొట్టుని దుకా అంటారు, మన దుకాణమే. చపాతీ చపాతీయే. మీ డ్రైవరు "పోలే పోలే" అన్నాడని రాశావు, అంటే మెల్లగా, మెల్లగా అని. నువ్వు దాన్ని అతని బద్ధకానికి సాక్ష్యంగా పెట్టావు చూడు, అప్పుడు నా పాత వ్యాసం గుర్తొచ్చి పెన్సిల్ కింద పెట్టేశాను కాసేపు.

ఇంకో చిన్న మాట, వ్యాసం చివర "వెళ్ళాలనుకునేవారికి సూచనలు" అని ఇచ్చావే, అందులో ఎల్లో ఫీవర్ టీకా గురించి లేదు. అది వెళ్ళడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు. సూచనలు ఇస్తే పనికొచ్చేవి ఇవ్వు, లేకపోతే ఆ భాగం తీసెయ్. ఏ నెల, బండిలో ఎంతమంది, గేటు రుసుము ప్యాకేజీలో కలిసిందా, హోటల్ రిజర్వు గేటు లోపలా బయటా, ఈ నాలుగూ డబ్బు కట్టేముందు అడగమని చెప్తే చాలు.

ఇక పదకొండో పేజీ. మారా దారిలో నరోక్ ఊరు దాటాక వ్యాన్ ఆపి, రోడ్డు పక్క మీ అమ్మగారు స్టీలు డబ్బాలో తెచ్చిన పులిహోర అందరికీ పెట్టారనీ, డ్రైవరుకీ పెట్టారనీ, అతను స్పూను వద్దని చేత్తో తిన్నాడనీ, మళ్ళీ అడిగాడనీ రాశావు. నాలుగు లైన్లు. మొత్తం పద్నాలుగు పేజీల్లో నువ్వు ఎవరి మీదా కోపం లేకుండా రాసిన నాలుగు లైన్లు అవే. వ్యాసం అక్కడ మొదలుపెట్టి చూడు, ఏమవుతుందో. నెలాఖరులోగా పంపితే చాలు, తొందరేం లేదు.

అతను పులిహోరలో ఎండుమిరపకాయ తీసి పక్కన పెట్టాడా, నమిలేశాడా? అది రాయలేదు. అమ్మగారిని అడిగి చెప్పు.

ఉంటాను.