చెయ్యి మంచిదే తల్లీ, ముందు ఆ కవరు తియ్యండి

పెరటి ప్రశ్నలు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు అద్దె ఇల్లు, రెండో అంతస్తు. మొక్కలు పెంచడం ఇదే మొదలు. ఆషాఢం చివర్లో టమాటా, వంగ, మిరప విత్తనాల పొట్లాలు తెచ్చాను. ఖాళీ పెరుగు డబ్బాల్లో కొబ్బరిపొట్టు సగం, కింద ఖాళీ స్థలంలో తవ్విన మట్టి సగం కలిపి విత్తాను. వానకి పాడవకుండా వంటింటి కిటికీలో పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు చిలకరించాను. ఐదో రోజుకి టమాటా, ఎనిమిదో రోజుకి వంగ మొలిచాయి. కానీ పాలిపోయి, సన్నగా నాలుగు వేళ్ళ ఎత్తు సాగాయి. బలం లేదేమోనని డబ్బాకి పావు చెంచా యూరియా వేశాను. పదమూడో రోజు పొద్దున్న లేచి చూస్తే సగం మొక్కలు దారప్పోగుల్లా వాలిపోయి ఉన్నాయి. మిరప అసలు రాలేదు, ఆరో రోజున తవ్వి కూడా చూశాను. తర్వాత పంచగవ్య పోశాను, బూడిద చల్లాను. రోజూ ఇంకో రెండు పడిపోతున్నాయి. కొట్లో ఏదో మందు కొనమంటున్నారు. మా అత్తగారు ‘నీ చేతికి మొక్క రాదు, వదిలెయ్’ అన్నారు. నిజంగా అలాంటిది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదివాక మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టేశాను తల్లీ. ముందు దానికే జవాబు చెప్తాను. అలాంటిది ఉండదు. మా అయ్య ఆముదాలవలస దగ్గర నాగావళి ఒడ్డున ఇరవై సెంట్లలో వంగనారు, మిరపనారు పోసి సంతకి మోసేవాడు. వందేసి మొక్కలు కట్ట కట్టి, వేళ్ళకి తడిమట్టి పూసి, అరిటాకు చుట్టి ఇచ్చేవాడు. ఆయన చేతికి మొక్క రాదని మా చుట్టుపక్కల ఎవరూ అనలేరు. ఆ చేత్తో పోసిన మడి ఒక ముసురు వారంలో నాలుగు మూలలా పడిపోవడం నేను నా కళ్ళతో చూశాను.

నా సంగతీ చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా దగ్గర నలభై ట్రేల టమాటా నారు ఉంది. మూడు వారాల పిల్లలు. వాన కొడితే విరిగిపోతాయని ముందు రోజు సాయంత్రమే అన్నిటినీ వరండాలో చేర్చి, టార్పాలిన్ కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. కరెంటు లేదు, రోడ్డు మీద చెట్లు, ఇంటి పెంకులు ఎగిరిపోయి ఉన్నాయి, నారు సంగతి ఎవరికి పడుతుంది? మూడో రోజు టార్పాలిన్ ఎత్తాను. లోపల వేడి ఆవిరి, బూజు వాసన. ఒక్క ట్రేలోనూ మొక్క నిలబడి లేదు. బయట గోడ వారన మర్చిపోయిన రెండు ట్రేలు మాత్రం ఆ గాలివానలో ఆకులు చిరిగి, మట్టి కొట్టుకుని, బతికే ఉన్నాయి. అవి చూసి నేను వరండాలోనే కూర్చుండిపోయాను. నారుని చంపింది తుఫాను కాదు, నేను కప్పిన కప్పు. మీ ప్లాస్టిక్ కవరు గురించి చదువుతుంటే ఆ టార్పాలినే గుర్తొచ్చింది.

ఇప్పుడు పని. ఈ ఉత్తరం చదవగానే పడిపోయిన మొక్కనొకటి వేలితో మెల్లగా పైకి తీసి, వెలుతురులోకి పట్టుకుని చూడండి. ఆకు కాదు చూడాల్సింది, కాండం మట్టిలోంచి బయటికొచ్చే చోటు, మేము మెడ అంటాం. మొక్క ఎందుకు పోయిందో అక్కడే రాసి ఉంటుంది. మెడ దగ్గర నీరుపట్టినట్టు మెత్తగా, గోధుమరంగులో, సన్నగా నొక్కుకుపోయి ఉంటే అది నారుకుళ్ళు తెగులు. వేరు పట్టుకుని లాగితే పైతొక్క జారిపోయి లోపలి దారం ఒక్కటే చేతికొస్తుంది. మెడ గట్టిగానే ఉండి మొక్క పొడవు మోయలేక వంగిందంటే వెలుతురు చాలలేదని. మెడ బాగుండి ఆకుల అంచులు కాలినట్టు ఎండితే ఎరువు గానీ ఉప్పు గానీ ఎక్కువైందని. కత్తెరతో కోసినట్టు ఉంటే పురుగో కీచురాయో. మీరు చెప్పిన ‘దారప్పోగు’ అనే మాటని బట్టి, రోజూ ఇంకో రెండు పడుతున్నాయన్న దాన్ని బట్టి, మీది మొదటిదే అని నాకు తొంభై పాళ్ళు నమ్మకం. కాకపోతే రెండోది, మూడోది కూడా దానికి తోడయ్యాయి.

నారుకుళ్ళు రైజాక్టోనియా లాంటి శిలీంధ్రాల వల్ల, వాటిని పోలిన పిథియం వల్ల వస్తుంది. ఇవి కొత్తగా ఎక్కడినుంచో ఊడిపడవు, మట్టిలో ఉండేవే. ఖాళీ స్థలంలో మట్టి తవ్వి తెచ్చానన్నారు, దాంతోనే వచ్చి ఉంటాయి. పిథియం బీజాలు నీటిలో ఈదుతాయి. మట్టి రేణువుల మధ్య నీరు నిలిస్తే చాలు, ఒక మెడ నుంచి పక్క మెడకి చేరిపోతాయి. మీరు రోజుకి రెండుసార్లు చిలకరించి, గాలి ఆడకుండా కప్పి, వాటికి దారి వేసిచ్చారు. పెరుగు డబ్బాలకి అడుగున కన్నాలు పెట్టారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. పెట్టకపోతే సగం కథ అక్కడే తేలిపోయింది.

పడినవి లేవవు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. వాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి చెత్తబండికి ఇచ్చేయండి. వంటింటి కంపోస్టు కుండలో మాత్రం వెయ్యొద్దు. కవరు తీసేయండి. ఇనపచువ్వ కాల్చి ప్రతి డబ్బాకీ అడుగున నాలుగైదు కన్నాలు పొడవండి. నిలబడినవాటిని గాలి, తూర్పు ఎండ తగిలే చోటుకి మార్చండి. మీ బాల్కనీ ఎటు చూస్తుందో రాయలేదు. తూర్పు లేకపోతే మేడ మీద నీళ్ళట్యాంకు పక్కన పొద్దుటి ఎండ వచ్చే చోటైనా సరే. కిటికీ మొక్కని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే మాడిపోతుంది. మొదటి రోజు గంట, తర్వాత రెండు గంటలు, అలా వారంలో అలవాటు చెయ్యాలి. పైమట్టి పొడిబారి రంగు మారేదాకా చుక్క నీళ్ళు పొయ్యొద్దు.

కొట్లో చెప్పిన మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ అయితే కొనండి, తప్పులేదు. లీటరు నీళ్ళకి 3 గ్రాములు కలిపి, మెడ దగ్గర మట్టి తడిసేలా పొయ్యాలి. మీ డబ్బాలన్నిటికీ ఒక లీటరు సరిపోతుంది. చేతికి తొడుగు వేసుకోండి, పొట్లం పిల్లలకి అందకుండా పెట్టండి. కానీ కన్నం లేని డబ్బాలో, కవరు కింద, ఏ మందు పోసినా డబ్బు దండగే. ముందు గాలి, తర్వాతే మందు. ఈ వరస తిరగేసి డబ్బు పోగొట్టుకున్న వాళ్ళు నాకు వారం వారం ఉత్తరాలు రాస్తారు.

యూరియా గురించి కొంచెం గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఎకరానికి ఒక బస్తా, అంటే 45 కిలోలు, వేస్తే చదరపు మీటరుకి 11 గ్రాములు పడుతుంది. మీ పెరుగు డబ్బా మూతి చదరపు మీటరులో సుమారు నూటయాభయ్యో వంతు. అంటే పొలం లెక్కన దానికి రావలసింది చిటికెలో చిటికె, గ్రాములో పదో వంతు కూడా కాదు. మీరు వేసిన పావు చెంచా దగ్గర దగ్గర గ్రాము ఉంటుంది. పది రెట్లకి మించిపోయింది, అదీ పదిరోజుల పసికందుకి. మొలకకి మొదటి పదిరోజులకి సరిపడా తిండి విత్తనంలోనే ఉంటుంది. జంటగా వచ్చే మొదటి ఆకులు దాటి, అసలు ఆకులు రెండు విచ్చుకునేదాకా దానికి మనం ఏమీ పెట్టక్కర్లేదు. ఆ తర్వాత కావాలంటే నీళ్ళలో కరిగే 19-19-19 ఎరువు లీటరుకి ఒక గ్రాము, వారానికోసారి. మీ మొక్కలు పాలిపోయింది ఆకలికి కాదు, వెలుతురు కోసం. సన్నగా సాగడం కూడా అందుకే, వెలుగుని వెతుక్కుంటూ పోయాయి.

మిరప మొలవలేదన్నారు. తల్లీ, ఆరో రోజున ఎందుకు తవ్వారు? మిరప ఎనిమిది నుంచి పద్నాలుగు రోజులు తీసుకుంటుంది. మొలిచే వేరు ఆ తవ్వకంలోనే తెగి ఉంటుంది. మిగిలిన విత్తనంలో పది గింజలు తడిగుడ్డలో చుట్టి, వంటింట్లో వెచ్చగా ఉండే చోట పెట్టండి. రెండు వారాల్లో ఏడెనిమిది మొలిస్తే విత్తనం మంచిదే. మూడు నాలుగే వస్తే పొట్లం పాతది. గింజ మీద గులాబీరంగో ఆకుపచ్చో పూత ఉంటే అది విత్తనశుద్ధి మందు, కడగకండి. తడిగుడ్డ చుట్టాక చేతులు మాత్రం కడుక్కోండి.

మళ్ళీ విత్తండి. మఖ, పుబ్బ కార్తెల్లో వంగనారు పోసుకోవచ్చు, టైము దాటిపోలేదు. ఈసారి ఖాళీ స్థలం మట్టి వద్దు. బాగా మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు, జల్లించి ఒక పాలు, ఏటి ఇసుక ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలపండి. ఇటుకలా అచ్చు పోసి అమ్మే పొట్టుని నీళ్ళలో నానేసి, పిండి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ నానెయ్యాలి, అలా మూడుసార్లు. పొట్టులో ఉప్పు ఉంటుంది, దాన్ని కడగకుండా వాడితే మొలక చివర్లు మాడతాయి. గెత్తం నల్లగా, పొడిగా, మట్టివాసన వెయ్యాలి. పేడవాసన వస్తే ఇంకా మాగలేదన్నమాట, అది వేడి చేస్తుంది. వీలైతే బకెట్టు గెత్తానికి గుప్పెడు వేపపిండి, రెండు చెంచాల ట్రైకోడెర్మా కలిపి, తడి చేసి, గోనెసంచి కప్పి వారం పదిరోజులు నీడలో ఉంచండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, కానీ మన పక్షం. కుళ్ళు తెచ్చేవాటికి చోటివ్వదు. దీన్ని, కాపర్ మందుని ఒకే డబ్బాలో కలపకండి, ఆ మందు దీన్నీ చంపేస్తుంది.

పాత డబ్బాలు బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. టమాటా, వంగ గింజ మీద అరసెంటీమీటరు మట్టి చాలు. డబ్బాకి రెండు గింజలే. నీళ్ళు పైనుంచి కాకుండా పళ్ళెంలో పోసి డబ్బాని అందులో పావుగంట ఉంచితే అడుగునుంచి పీల్చుకుంటుంది, మెడ పొడిగా ఉంటుంది. పొద్దున్నే పెట్టండి, సాయంత్రం వద్దు. పొయ్యాలా వద్దా అని తెలియకపోతే డబ్బాని చేత్తో ఎత్తి చూడండి. తడిసినప్పుడెంత బరువు, ఆరినప్పుడెంత బరువు అన్నది నాలుగు రోజుల్లో మీ చేతికే తెలిసిపోతుంది. మా అయ్య కుండీ ఎత్తే చూసేవాడు, వేలు పెట్టేవాడు కాదు.

టమాటా పాతిక ముప్పై రోజులకి, వంగ నెలా ఐదు రోజులకి, మిరప ఆరు వారాలకి పెద్ద కుండీలోకి మార్చవచ్చు. ఇప్పుడు బతికున్న టమాటాలు పొడుగ్గా సాగినా పారెయ్యకండి. మార్చేటప్పుడు కాండం సగం దాకా పూడ్చెయ్యండి, పూడ్చిన కాండం నుంచే వేళ్ళు వస్తాయి. వంగకి, మిరపకి అలా చెయ్యొద్దు.

మీ అత్తగారికి ఈ పేజీ చూపించండి. ఆవిడ పెద్దావిడ, మొక్కలంటే ఇష్టం ఉండే ఆ మాట అని ఉంటారు. రెండోసారి విత్తేటప్పుడు గెత్తం ఆవిడ చేతే జల్లించండి.

ప్రశ్న: అమ్మగారూ, మా పెరట్లో గోగు విత్తాను. మోకాలెత్తు పెరిగాక పై ఆకులు వేళ్ళలా చీలాయి. పక్కింటాయన చూసి ‘ఇది గంజాయిలా ఉంది, ఎవరైనా ఫోను చేస్తే మీ పని అయిపోతుంది’ అంటున్నారు. భయంగా ఉంది. పీకెయ్యాలా?
– ఒక పాఠకుడు, పొందూరు దగ్గర

జవాబు: పీకొద్దు బాబూ. ఆయన పొరపాటు పడటంలో వింత లేదు. గోగుకి శాస్త్రీయనామం హిబిస్కస్ కన్నబినస్. ఆ రెండో మాటకి అర్థమే ‘గంజాయిలాంటిది’, ఆకు పోలిక చూసి పెట్టిన పేరు. ఒకప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరు పొలిమేరకెళ్ళినా గోగుచేనే కనిపించేది, చెరువులో నానేసిన గోగుకట్టల వాసన మా చిన్నతనమంతా ఉంది. ఇప్పుడు చేలు తగ్గాయి, ఆకు పోల్చుకునే కళ్ళూ తగ్గాయి.

తేడా ఇలా చూడండి. గోగు ఆకు ఎంత లోతుగా చీలినా ఒకే ఆకు, అడుగున కలిసే ఉంటుంది. గంజాయిలో ఒక్కో రేకూ విడివిడి ఆకులా ఉండి, అన్నీ కాడ చివర ఒకే చోట అతుక్కుంటాయి. గోగులో అడుగు ఆకులు చాలాసార్లు చీలకుండా గుండ్రంగానే ఉంటాయి. కాండం తడిమితే సన్నటి ముళ్ళు గరుకుగా తగులుతాయి, ఆకు నమిలితే పుల్లన. పువ్వు వచ్చిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు, బెండపువ్వులా లేతపసుపు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు. ఆయన్ని పిలిచి ఒక ఆకు నమలమనండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు ‘కుండీలో ఒక్క మొక్కే కదా’ అంటూ నాకు రాశారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్.డి.పి.ఎస్.) ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడమే నేరం. పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ మొక్కలు వాడిపోతే ఏం చెయ్యాలని అడిగిన వాళ్ళకి నేను జవాబు ఇవ్వను నాయనా. వాటి చోట వంగ పెట్టి మళ్ళీ రాయండి, ఎన్ని ప్రశ్నలకైనా జవాబిస్తాను.

ప్రశ్న: బోరు నీళ్ళు పోస్తే కుండీ అంచున తెల్లగా పేరుకుంటోంది. నారుకి ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, కళింగపట్నం

జవాబు: అది నీళ్ళలోని ఉప్పులు, సున్నం. పెద్ద మొక్క తట్టుకుంటుంది, నారు తట్టుకోలేదు. వానాకాలమే కదా, మేడ మీద పడ్డ వాననీళ్ళు ఒక డ్రమ్ముకి పట్టి, దోమలు రాకుండా గుడ్డ కట్టి, నారు వరకు అవే పొయ్యండి. పేరుకున్న తెల్లటి పొరని మాత్రం మట్టిలోకి గీకకండి, పైమట్టితో సహా తీసి బయట పారెయ్యండి.