చిన్న రైతు పంటకు ఇంధన కర్మాగారం భరోసా ఇస్తుందా?

ప్రశ్న: బయోడీజిల్ కంపెనీలకు నూనెగింజలు అమ్మితే చిన్న కమతాల రైతులకు నికరమైన ఆదాయం ఉంటుందని చెబుతున్నారు. బ్రెజిల్ ప్రభుత్వం ఇందుకోసం ఒక పథకమే నడిపిందని చదివాను. దానివల్ల అక్కడి రైతులకు నిజంగా మేలు జరిగిందా?

జవాబు: జరిగింది కానీ, ప్రధానంగా ఎవరిని ఉద్దేశించి ఆ పథకం మొదలుపెట్టారో ఆ మెట్టప్రాంతపు పేద రైతులకు అందింది తక్కువే.

బ్రెజిల్ 2004 డిసెంబరులో ‘సామాజిక ఇంధన ముద్ర’ను ప్రవేశపెట్టింది. ముడిసరుకులో నిర్ణీత వాటాను కుటుంబ సేద్యం చేసే రైతుల దగ్గర కొని, వారితో ముందుగానే ఒప్పందం కుదుర్చుకుని, సాగులో సాంకేతిక సలహా కూడా ఇచ్చే కంపెనీలకే ఆ ముద్ర, దానితోపాటు పన్ను రాయితీలు దక్కేవి. ఆ వాటా తొలుత ఈశాన్య ప్రాంతంలో 50 శాతం, దక్షిణాదిన 30 శాతం. పైగా ప్రభుత్వ వేలంలో కొనే బయోడీజిల్‌లో 80 శాతం ముద్ర ఉన్నవారికే కేటాయించడంతో కంపెనీలు చిన్న రైతు గడప తొక్కక తప్పలేదు.

చిక్కంతా పంట ఎంపికలో వచ్చింది. వానలు తక్కువగా పడే ఈశాన్యంలో ఆముదాన్ని ప్రోత్సహించారు. ఆముదపు నూనె మరీ చిక్కన కావడం వల్ల డీజిల్‌కు అంతగా పనికిరాదు. అదే నూనెకు రంగులు, కందెనలు, సౌందర్య సాధనాల పరిశ్రమలు ఎక్కువ ధర ఇస్తాయి. అందుచేత రైతుల దగ్గర కొన్న ఆముదం చాలావరకు ఆ పరిశ్రమలకే చేరింది, బయోడీజిల్ మాత్రం ప్రధానంగా సోయా నూనెతో తయారైంది. ఫలితంగా, అప్పటికే సహకార సంఘాలుగా బలపడి ఉన్న దక్షిణాది సోయా రైతులే ఎక్కువ లాభపడ్డారు.

ఆ పథకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే నియమం ఒకటుంది: ఒప్పందం కుదిరేటప్పుడు రైతుల తరఫు ప్రతినిధి ఉండి తీరాలి. ధర ఎంత, లేదా దాన్ని ఏ లెక్కన కడతారు, సరుకు ఎక్కడ అప్పగించాలి అన్నవి కాగితం మీదికి రావాలి. తేమ పేరుతో ఎంత కోత పెడతారు, రవాణా ఖర్చు ఎవరిది, తూకం ఎవరి కాటా మీద వేస్తారు అన్నవి కూడా అక్కడే తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే బండి కర్మాగారం గేటు దాకా వెళ్ళాక ఒంటరి రైతుకు బేరమాడే శక్తి ఉండదు.

వీలైతే సంఘమే గానుగ పెట్టుకుని, గింజలకు బదులు నూనె అమ్మడం మేలు. అప్పుడు తెలగపిండి రైతుల దగ్గరే మిగులుతుంది. ఆముదపు పిండిలో మాత్రం రైసిన్ అనే విషం ఉంటుంది కనుక దాన్ని పశువులకు పెట్టకుండా పొలానికి ఎరువుగానే వాడాలి.