కోపే కట్టేశాం కదా అని స్కాన్‌కి వెళ్ళిపోకండి

తమ్ముడూ, ఇన్సూరెన్స్ కార్డు మీద స్పెషలిస్ట్ కోపే (డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు కౌంటర్లో కట్టేది) 40 డాలర్లని ఉంది, ఎమ్మారై కూడా అందులోనే అయిపోతుందా అని అడిగావు. చాలా ప్లాన్లలో అవ్వదు. అమెరికా వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నా. మోకాలు నొప్పని వెళ్తే కౌంటర్లో కోపే తీసుకున్నారు, డాక్టర్ స్కాన్ రాశాడు, చేయించుకున్నా, అక్కడ ఒక్క డాలర్ కూడా అడగలేదు, సరే ఇన్సూరెన్స్ వాళ్ళే చూసుకున్నారులే అని ఆ నెల ఇంటికి ఎప్పటికంటే ఎక్కువే పంపించేశా. తర్వాత పోస్టులో ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి ఒక కాగితం, ఇది బిల్లు కాదు అని దాని మీదే ఉంటే పక్కన పడేశా. దాని వెనకే అసలు బిల్లు, నెల అద్దె కంటే ఎక్కువ, రూపాయల్లో లెక్కేసుకుంటే నిద్ర పట్టలేదు. ఫోన్ చేసి కోపే కట్టాను కదండీ అంటే, ఇది కోఇన్సూరెన్స్ అన్నారు.

కోపే అంటే విజిట్‌కి ఇంత అని ఫిక్స్. కోఇన్సూరెన్స్ అంటే బిల్లులో పర్సెంటేజ్, అది కూడా మామూలుగా డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వడం మొదలెట్టే ముందు ఏడాదిలో నువ్వే పెట్టుకోవాల్సిన మొత్తం, నీ జేబులోంచి అయ్యాకే మొదలవుతుంది. స్కాన్ 2000 డాలర్లు, డిడక్టిబుల్ 1500, కోఇన్సూరెన్స్ 20 శాతం అనుకో, ముందు 1500 నీదే, మిగిలిన 500లో 100 నీదే, వెరసి 1600. కార్డు మీద కనపడే 40 ఎక్కడ, ఇదెక్కడ! మీ కుర్రాళ్ళు ఆఫర్ లెటర్లో జీతం చూస్తారు గానీ ఇన్సూరెన్స్ పేజీ తిప్పరు. ఔటాఫ్ పాకెట్ మాక్సిమమ్ (ఏడాదిలో నీ జేబులోంచి పోయేదానికి పరిమితి), ప్రీ ఆథరైజేషన్ (ముందే ఇన్సూరెన్స్ వాళ్ళ అనుమతి) లాంటివన్నీ మీ ప్లాన్ సమ్మరీలో ఉంటాయి, చదువుకో.

నేను భయపడి క్రెడిట్ కార్డు మీద గీకలేదు. బిల్లింగ్ వాళ్ళకి ఫోన్ చేసి దేనికెంతో విడివిడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు తెప్పించుకుని, వడ్డీ లేకుండా నెలనెలా కట్టుకునేలా మాట్లాడుకున్నా, మొత్తం తీర్చేశా, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఇప్పుడు మా కాంప్లెక్స్‌లో మనవాళ్ళకి ఎవరికి బిల్లొచ్చినా ముందు నాకే ఫోన్.

నువ్వు మాత్రం ఈ ఏడాది డిడక్టిబుల్ ఎంత అయిందో ఇన్సూరెన్స్ వాళ్ళ వెబ్‌సైట్లో చూడు. హాస్పిటల్ లోపల కాకుండా విడిగా ఉండే ఇమేజింగ్ సెంటర్లలో చాలాసార్లు రేటు బాగా తక్కువ ఉంటుంది, నెట్‌వర్క్‌లో (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం) ఉన్నవి రెండు మూడు చూసి, నా వాటా ఎంత పడుతుంది అని అడిగి, అప్పుడు అపాయింట్‌మెంట్ తీసుకో.