లుండ్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది, ఇల్లు అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో రెండేళ్ల మాస్టర్స్, ఆగస్టులో ప్రయాణం. "ముందు వెళ్లు, గది అదే దొరుకుతుంది" అని సీనియర్లు చెబుతున్నారు. ఆ ధైర్యంతో వెళ్లొచ్చా?

వెళ్లకండి. ఈ మాట ఎక్కువగా స్వీడన్‌లోనే కార్ల్స్‌క్రోనా అనే ఊళ్లో ఉన్న సాంకేతిక విశ్వవిద్యాలయం బీటీహెచ్‌లో చదివినవాళ్ల దగ్గర వినిపిస్తుంది. జేఎన్‌టీయూ ఒప్పందాల పుణ్యమా అని అక్కడ మనవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు, ఒకరి గది ఇంకొకరికి అందుతూ వచ్చింది. లుండ్ చిన్న ఊరు, విద్యార్థులు చాలా ఎక్కువ, గదులు తక్కువ. పైగా స్వీడన్‌లో అద్దె ఇల్లు దొరికేది డబ్బును బట్టి కాదు, క్యూలో మీ స్థానాన్ని బట్టి. అద్దెలు ఇళ్ల కంపెనీలూ అద్దెదారుల సంఘాలూ కూర్చుని మాట్లాడుకుని ఖాయం చేసేవి, కాబట్టి రెండు వేలు ఎక్కువ ఇస్తానన్నా ఎవరూ మిమ్మల్ని ముందుకు జరపరు. బ్రోకర్‌కి నెల అద్దె కమీషన్ ఇచ్చి సాయంత్రానికి తాళం తెచ్చుకునే అమీర్‌పేట పద్ధతి అక్కడ లేదు. కంపెనీ కాంట్రాక్టును ఎవరైనా డబ్బుకు అమ్ముతానంటే దూరంగా ఉండండి. 2019 అక్టోబర్ నుంచి కొన్నవాళ్లకూ అది నేరమే.

మార్చి ఆఖర్లో అడ్మిషన్ ఫలితం రాగానే యూనివర్సిటీ వసతి విభాగం ఎల్‌యూ అకామడేషన్ సైట్‌లో విడిగా దరఖాస్తు పెట్టాలి. సీటు వస్తే గది దానంతట అదే వచ్చేస్తుందనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫీజు కట్టి చదివే యూరప్ బయటివాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది, కానీ గడువులోపల పెట్టినవాళ్లకే. ఆ తేదీ సైట్‌లో చూసి ఆ రోజే ఫోన్‌లో పెట్టుకోండి. ఆఫర్ మెయిల్‌కి ఇచ్చే జవాబు గడువు చాలా తక్కువ, స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండండి. వచ్చినదాన్ని ఊరికి కాస్త దూరమనో, బాత్‌రూమ్ ఉమ్మడి అనో వదులుకోవద్దు. రెండో ఆఫర్ మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. లుండ్‌లో సైకిల్ ఉంటే ఏదీ దూరం కాదు.

అదే సమయంలో రెండో దారి కూడా తెరిచి పెట్టుకోండి. లుండ్‌లో నేషన్లు అనే విద్యార్థి సంఘాలు 13 ఉన్నాయి, వాటిలో చాలా వాటికి సొంత గదులున్నాయి. ఒక్కోదానికి విడివిడిగా రాయాలి. ఇవి కాక ఏఎఫ్ బోస్టేడర్ అని విద్యార్థుల ఇళ్ల సంస్థ ఉంది. డెల్ఫీ, స్పార్టా, విల్డాండెన్, పరెంతేసెన్ అని మీరు వినే పేర్లు విద్యార్థులు ఉండే పెద్ద సముదాయాలవి. ఏఎఫ్ బోస్టేడర్ క్యూలో నిలబడాలంటే స్టూడెంట్‌లుండ్ (విద్యార్థి సంఘాల, నేషన్ల ఉమ్మడి వేదిక) సభ్యత్వం ఉండాలి, ప్రతి సెమిస్టర్ ఫీజు కట్టి నిలుపుకోవాలి. లుండ్‌లో మొదటిసారి చదివేవాళ్లకు నోవిష్ అని ప్రత్యేక లాటరీ ఉంటుంది, షరతులు చదివి వేసవిలోనే పేరు ఇచ్చేయండి.

నిజానికి నేను ఎక్కువ భయపడేది మీ రెండో ఏడాది గురించి. యూనివర్సిటీ గది సాధారణంగా ఒక విద్యా సంవత్సరానికే ఇస్తారు. మొదటి ఏడాది హాయిగా ఉన్నవాళ్లు మే నెలలో ఉలిక్కిపడి క్యూలో చేరితే అప్పటికి వాళ్ల ముందు వందలమంది ఉంటారు. గది దొరికినా సరే, దిగిన మొదటి వారంలోనే ఏఎఫ్ క్యూలో, నచ్చిన నేషన్ల క్యూల్లో చేరండి. ఈ జవాబులో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ఇవేవీ కుదరకపోతే మిగిలేది ఆంద్రాహాండ్, అంటే ఒకరి ఇంటిని వాళ్ల దగ్గర మళ్లీ అద్దెకు తీసుకోవడం, లేదా ఒక కుటుంబం ఇంట్లో ఒక గదిలో ఉండడం. బోపూలెన్ అనే సైట్‌ని విద్యార్థి సంఘాలే నడుపుతాయి, ముందు అది చూడండి. కాసా అనే అద్దె ఇళ్ల సైట్ కూడా చూడండి. ఉమ్మడి వంటగది ఉన్న గదికి నెలకు సుమారు 4,000 నుంచి 6,000 క్రోనార్లు (స్వీడన్ కరెన్సీ), చిన్న సింగిల్ ఇంటికి అంతకన్నా బాగా ఎక్కువ పెట్టుకోండి. ఊరి నడిమధ్య సింగిల్ ఇల్లు 3,500కే అంటే అది మోసమే. "నేను లండన్‌లో ఉన్నాను, డబ్బు పంపితే తాళం కొరియర్ చేస్తా" అనేది పాత ఎత్తు, ఇప్పటికీ మనవాళ్లు దానికి చిక్కుతూనే ఉన్నారు.

డబ్బు పంపేముందు మూడు విషయాలు తేల్చుకోండి. మొదటిది, ఇంటిని మళ్లీ అద్దెకివ్వడానికి అసలు కంపెనీ గానీ హౌసింగ్ సొసైటీ గానీ రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి. అది లేకపోతే మిమ్మల్ని ఏ రోజైనా ఖాళీ చేయించొచ్చు. రెండోది, వీడియో కాల్. గది ఒక్కటే కాదు, మెట్ల దగ్గర తలుపు మీద పేరు కూడా చూపించమనండి. స్వీడన్‌లో ఎవరు ఏ చిరునామాలో ఉంటారో హిట్టా, రాట్‌సిట్ వంటి సైట్లలో చాలావరకు బయటికే కనిపిస్తుంది, మీతో మాట్లాడే మనిషి పేరు ఆ ఇంటి మీద ఉందో లేదో అక్కడ సరిచూసుకోవచ్చు. మూడోది, సంతకాలయ్యాకే డిపాజిట్, అదీ కాంట్రాక్టులో ఉన్న పేరు మీదున్న స్వీడిష్ బ్యాంకు ఖాతాకే.

ఇంకా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: "ఈ చిరునామాలో నా పేరు నమోదు చేసుకోవచ్చా?" ఏడాది, అంతకు మించి ఉండబోయేవాళ్లు పన్నుల శాఖ దగ్గర జనాభా నమోదు చేయించుకోవాలి. అప్పుడే పెర్సోన్‌నుమ్మెర్, అంటే స్వీడన్ వ్యక్తిగత గుర్తింపు సంఖ్య వస్తుంది. అది లేకపోతే మామూలు బ్యాంకు ఖాతా, బ్యాంక్ ఐడీ (ఆన్‌లైన్ గుర్తింపు), స్విష్ (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) అన్నీ ఆలస్యం. "ఉండొచ్చు గానీ నమోదు వద్దు" అనేవాళ్లు చాలావరకు అనుమతి లేకుండా ఇస్తున్నవాళ్లే. గది ఎంత బాగున్నా నా సలహా వదిలేయమనే. రెండు నెలలు ఆగడానికి తాత్కాలికంగా తీసుకుంటే మాత్రం వేరే మాట.

కాంట్రాక్టులో నాలుగంకెల ఇంటి నంబర్ ఉందో లేదో చూడండి, నమోదుకు అది కావాలి. 1001 అంటే గ్రౌండ్ ఫ్లోర్, 1101 అంటే ఒక అంతస్తు పైన. దిగగానే తలుపు మీద, ఉత్తరాల రంధ్రం దగ్గర మీ పేరు అంటించండి. పేరు కనిపించకపోతే పోస్ట్‌మన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. పన్నుల శాఖ ఉత్తరాలూ బ్యాంకు కార్డూ అలా తిరిగిపోయి వారాలు నష్టపోయేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. వేరొకరి ఇంట్లో ఉంటే కవరు మీద మీ పేరు కింద వాళ్ల పేరు సీ/ఓ అని ఉండాలి.

లుండ్‌లోనే అని పట్టుబట్టకండి. మాల్మో నుంచి రైలు పావుగంట లోపే, ఎస్లోవ్ కూడా దగ్గరే. అక్కడి బస్సులు, రైళ్ల సంస్థ స్కోనెట్రాఫికెన్ నెల పాస్ ఖర్చు అద్దెలో కలిపి లెక్క వేసుకోండి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ వంతెన అవతలే కదా అని అక్కడ గది తీసుకోవద్దు. స్వీడన్ నివాస అనుమతితో డెన్మార్క్‌లో కాపురం పెట్టడానికి కుదరదు.

దిగాక సంగతులు క్లుప్తంగా. తాళాలు సాధారణంగా పనిదినాల్లోనే ఇస్తారు, టికెట్ కొనేముందు ఆ తేదీ కనుక్కోండి. శనివారం రాత్రి దిగితే సోమవారం దాకా హాస్టల్‌కి డబ్బు సిద్ధంగా ఉండాలి. మొదటి రోజే గోడలు, నేల, పరుపు మీద ఉన్న మరకలన్నీ ఫొటోలు తీసి యజమానికి మెయిల్ చేయండి. పోపు పెట్టేటప్పుడు వంటగది తలుపు మూసి, పొయ్యి పైన ఫ్యాన్ పెద్దగా పెట్టండి. కారిడార్‌లో పొగ అలారం మోగితే భవనమంతా బయటికి రావాలి, బిల్లు మీకు రావచ్చు. నూనె సింక్‌లో పోయకండి, సీసాలో పట్టి ఉంచండి. ఖాళీ చేసే రోజు శుభ్రం విషయంలో స్వీడన్‌వాళ్లు చాలా పట్టుదలగా ఉంటారు. పొయ్యి ముందుకు లాగి వెనకాల తుడవాలి, ఫ్యాన్ ఫిల్టర్ వేడి నీళ్లలో కడగాలి, ఫ్రీజర్ మంచు కరిగించాలి, బాత్‌రూమ్ నేల జాలీ ఎత్తి లోపలి వెంట్రుకలు తీయాలి. వీటిలో ఒకటి మిగిలినా క్లీనింగ్ డబ్బు డిపాజిట్‌లోంచి కోసే అవకాశం ఉంది.